పిల్లల ఆటల గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టినప్పటి నుంచి పదేళ్ల దాకా వయసున్న పిల్లల అమ్మానాన్నలు, ఇంట్లో వాళ్లను చూసుకునే తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు అడిగే ప్రశ్నలివి. ఆట పిల్లలది. టైం, చోటు, తోడు ఇవ్వడం మన పని. ఆ తర్వాత వీలైనంత పక్కకు తప్పుకోవాలి. కింది జవాబులన్నీ ఈ నమ్మకంతో రాసినవే.

బాబుని క్రికెట్ కోచింగ్‌లో, పాపని డ్యాన్స్ క్లాసులో చేర్పించాం. అది సరిపోదా?

మంచి పనే, మాన్పించకండి. కానీ అది క్లాసు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏం చేయాలో, ఎప్పుడు ఆపాలో అక్కడ సార్ చెబుతారు. ఇక్కడ మనం మాట్లాడుకునే ఆటలో ఇవన్నీ పిల్లలే తేల్చుకుంటారు.

సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద పిల్లలు దాగుడుమూతలు మొదలుపెట్టేటప్పుడు కాసేపు గమనించండి. ముందు పంటలు వేస్తారు, దొంగ ఎవరో తేలుతుంది. లిఫ్ట్ ఎక్కకూడదు, రెండో అంతస్తు దాటకూడదు అని హద్దులు పెట్టుకుంటారు. దొంగ వేళ్ల సందులోంచి చూస్తే ఎవరో "తొండి, తొండి" అని అరుస్తారు. ఆట ఆగిపోతుంది, వాదన నడుస్తుంది, చివరికి "తూచ్, మళ్లీ మొదటి నుంచి" అంటారు. ఒక పిల్ల తన నాలుగేళ్ల తమ్ముణ్ణి వెంటబెట్టుకొస్తే "సరే, వాడు ఆటలో అరటిపండు" అని కలుపుకుంటారు. వాడు పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు, దొరికినా అవుట్ కాడు.

రూలు పెట్టుకోవడం, అన్యాయం జరిగితే నోరు విప్పడం, రాజీ పడటం, చిన్నవాడికి సడలింపు ఇవ్వడం, అన్నీ ఆ పది నిమిషాల్లోనే జరిగిపోయాయి. కోచింగ్‌లో ఈ పనులన్నీ పెద్దవాళ్లే చేసిపెడతారు. అందుకే వారంలో ఎన్ని క్లాసులున్నా, రోజూ ఒక గంటైనా ఎవరూ ఏమీ నేర్పకుండా పిల్లల్ని ఆడుకోనివ్వండి.

ఏ వయసులో ఎలాంటి ఆట ఉండాలి?

మొదటి ఏడాదిలో పిల్లలకు మీ ముఖమే బొమ్మ. మీరు నాలుక బయటపెడితే వాళ్లూ పెట్టబోతారు, వాళ్లు "ఊ" అంటే మీరూ "ఊ" అంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాటలకు పునాది పడుతుంది. దోబూచి ఆట ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. చీరకొంగు చాటున అమ్మ ముఖం మాయమై మళ్లీ వస్తుంది. సుమారు ఎనిమిది నెలల వయసులో, కనబడకపోయినా వస్తువు అక్కడే ఉంటుందన్న సంగతి పిల్లలకు అర్థమవడం మొదలవుతుందని స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఝాఁ పియాజే తన సొంత పిల్లల్ని గమనించి రాశారు. దోబూచి అంటే ఆ వయసు పిల్లలకు అంత సరదా అందుకే. ఇంకా పాకడం రాని పిల్లల్ని మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తం మీద అరగంటైనా బోర్లా పడుకోబెట్టి ఆడించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఒక్కసారే అరగంట కూడా అక్కర్లేదు, రెండేసి మూడేసి నిమిషాలుగా చేయించొచ్చు.

ఏడాది నుంచి మూడేళ్ల దాకా విసరడం, నింపడం, ఒంపడం నడుస్తాయి. స్టీలు గ్లాసు మంచం మీద నుంచి పదిసార్లు కింద పడేస్తారు. మీకు చిరాకొస్తుంది, కానీ ప్రతిసారీ అది కిందికే పోతుందా, ప్రతిసారీ అదే చప్పుడు వస్తుందా అని వాళ్లు చూసుకుంటున్నారు. రెండు గిన్నెలు, ఒక గరిటె, డబ్బా మూతలు, బకెట్‌లో కాసిని నీళ్లు ఇచ్చి దగ్గర కూర్చోండి. కాసిని నీళ్లున్న బకెట్ దగ్గర కూడా ఈ వయసు పిల్లల్ని ఒంటరిగా వదలకూడదు.

మూడు నుంచి ఆరేళ్ల దాకా ఊహల ఆటల కాలం. గుజ్జనగూళ్లు, టీచరాట, డాక్టరాట, బస్సు కండక్టరు ఆట. పెద్దవాళ్లకు ఇది ఊరికే కాలక్షేపంలా కనిపిస్తుంది. రష్యాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ మాత్రం ఈ ఆటలో పిల్లలు తమ వయసు కన్నా ఒక మెట్టు పైన నిలబడతారని చెప్పారు. తర్వాత సోవియట్ పరిశోధకులు ఒక చక్కని ప్రయోగం చేశారు. "కదలకుండా నిలబడు" అంటే ఎంతోసేపు నిలబడలేని పిల్లలు, "నువ్వు కాపలా సిపాయివి" అనగానే చాలా ఎక్కువసేపు కదలకుండా నిలబడ్డారు. బతిమాలినా, కసిరినా రాని నిగ్రహం వేషం కట్టగానే వచ్చింది.

ఆరేళ్లు దాటాక రూల్స్ ఉన్న ఆటలు మొదలవుతాయి. ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ళ, కోతికొమ్మచ్చి, గోళీలు, తెలంగాణలో చిర్రగోనె అనీ కోస్తాలో బిళ్ళంగోడు అనీ పిలుచుకునే ఆట. ఈ వయసులో ఆట కన్నా ఆట గురించిన వాదనే ఎక్కువసేపు నడుస్తుంది. నడవనివ్వండి.

మా రెండున్నరేళ్ల పాప ఇతర పిల్లల పక్కన కూర్చుంటుంది గానీ వాళ్లతో కలిసి ఆడదు. కంగారు పడాలా?

అక్కర్లేదు. అమెరికాకు చెందిన మిల్డ్రెడ్ పార్టెన్ చాలా ఏళ్ల కిందటే, 1932లో ప్రచురించిన పరిశోధనలో పిల్లల ఆటకు దశలు గుర్తించారు. ఒంటరిగా ఆడుకోవడం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం, ఆ తర్వాతే కలిసి ఆడటం. రెండున్నరేళ్లకు పక్కపక్క ఆట మామూలే. పార్కుకు తీసుకెళ్లి "వెళ్లు, ఆడుకో, సిగ్గుపడకు" అని వీపు మీద చెయ్యి వేసి నెట్టకండి. చూస్తున్న పిల్ల కూడా నేర్చుకుంటూనే ఉంటుంది.

అయితే కొన్ని సంగతులు గమనించాలి. ఏడాదిన్నర, రెండేళ్లకు కూడా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావాల్సింది వేలుతో చూపించకపోవడం, బొమ్మకు అన్నం పెట్టడం లాంటి ఉత్తుత్తి ఆటలు అసలు మొదలవకపోవడం, కారు బొమ్మని నడపకుండా చక్రం మాత్రమే గంటల తరబడి తిప్పుతూ ఉండటం. ఇవి రెండు మూడు కలిసి కనబడితే "మగపిల్లలకు మాటలు లేటుగానే వస్తాయి" అని ఆగకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే ప్రభుత్వ సత్వర చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు ఉచితం. మీ అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెబుతారు. ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలకు థెరపీ కూడా చాలావరకు ఆట రూపంలోనే ఉంటుంది, ఇంట్లో ఎలా ఆడించాలో తల్లిదండ్రులకు వాళ్లే నేర్పుతారు.

ఆటల్లో పడితే చదువు పాడవదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, భయం కూడా నిజమైనదే. పక్కింటి పిల్లాడు ఎల్‌కేజీలోనే వంద దాకా అంకెలు రాస్తుంటే ఏ తల్లికైనా టెన్షన్ వస్తుంది.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు చదువు ఆట ద్వారానే చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం స్పష్టంగా రాసుకుంది. ఆ దశ కోసం 2022లో పాఠ్య ప్రణాళిక చట్రం వచ్చింది, 2023లో 'జాదుయీ పిటారా' పేరుతో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలు, కథల పుస్తకాలతో ఒక పెట్టెను కేంద్రం విడుదల చేసింది. అంటే చదువుకు ఆట అడ్డమన్న మాటను మన విద్యా వ్యవస్థే కాగితం మీద వదిలేసింది. స్కూళ్లు ఇంకా వదల్లేదు, అది వేరే సంగతి.

కాగితాల సంగతి పక్కనబెట్టి ఒక ఆట దగ్గరికి వెళ్దాం. వామనగుంటలు తీసుకోండి. పద్నాలుగు గుంటలు, చెరో వైపు ఏడు. గుంటకి నాలుగేసి చింతపిక్కలు. ఆరేళ్ల పిల్ల తన వైపు గుంటలోంచి నాలుగూ తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోతుంది. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచుతుంది. అలా పోయి పోయి పక్క గుంట ఖాళీగా తగిలితే, దాని అవతలి గుంటలోవి తనవి. మొదట్లో ఏదో ఒక గుంట తీస్తుంది. కొన్నాళ్లకు తీసేముందు ఆగి, వేలు గాల్లో కదుపుతూ పిక్కలు ఎక్కడ అయిపోతాయో మనసులోనే లెక్క వేస్తుంది. ఎదురుగా కూర్చున్న నాయనమ్మ ఎక్కడ ఎత్తు వేస్తుందో కూడా చూస్తుంది. కూడిక, పంపకం, ముందుచూపు, ఓపిక. వర్క్‌షీట్‌లో ఇవన్నీ ఒకేసారి రావు, వచ్చినా పిల్ల "ఇంకొక్క పేజీ" అని అడగదు.

చేతిరాత విషయం కూడా అంతే. పెన్సిల్ సరిగ్గా పట్టుకోవాలంటే వేళ్లలో బలం ఉండాలి. చపాతీ పిండి పిసకడం, పూసలు గుచ్చడం, మట్టితో వినాయకుణ్ణి చేయడం, అచ్చంగిల్లాలు ఎగరేసి పట్టుకోవడం ఆ బలాన్ని ఇస్తాయి. మూడేళ్ల పిల్లల చేత 'అ' దిద్దించే ముందు ఇవి చేయించండి.

ఫోన్‌లో ఆడే గేమ్స్ కూడా ఆటలే కదా?

పదేళ్ల పిల్లాడు స్నేహితుడితో కలిసి కాసేపు ఆడితే ఆటే. రెండేళ్ల పిల్లకు అన్నం తినిపించడానికి చేతిలో పెట్టేది ఆట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది సూటిగా ఉంది. ఏడాది లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దు, రెండో ఏట కూడా వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించొద్దు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజులో మూడు గంటలు ఏదో ఒక రకంగా కదులుతూ ఉండాలి. ఐదేళ్లు దాటిన వాళ్లకు రోజూ సగటున గంటసేపు ఆయాసం వచ్చేలా పరుగులు పెట్టే ఆట కావాలి.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. పగటి వెలుతురులో బయట గడిపే పిల్లలకు మైనస్ పవర్ వచ్చే అవకాశం తగ్గుతుందని తేలింది. తైవాన్ ఈ కారణంతోనే 2010లో స్కూలు పిల్లల్ని రోజూ రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం మొదలుపెట్టింది. మన పిల్లలు స్కూలు వ్యాన్ దిగేసరికి చీకటి పడుతోంది. కనీసం ఆదివారం పొద్దున్న అయినా బయటికి వదలండి.

ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతుంది. ఎప్పుడు ఆడించాలి?

ఇరవై నిమిషాలు చాలు, కానీ ఆ ఇరవై నిమిషాలు ఫోన్ వేరే గదిలో ఉండాలి. కింద కూర్చోండి. ఏం ఆడాలో పిల్లల్నే చెప్పనివ్వండి. మీకు ఇచ్చిన వేషం కట్టండి. ఆ రోజు మిమ్మల్ని పేషెంట్ అన్నారంటే పేషెంటే.

ఇక్కడ మనందరికీ ఒక అలవాటుంది. పాప బ్లాకులు పేరుస్తుంటే పక్కన కూర్చుని "ఇదేం కలర్ నాన్నా? ఇవెన్ని? ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడుగుతాం. ఆ క్షణంలో ఆట పోయి పరీక్ష మొదలైంది. పాప ముఖంలోనే తెలిసిపోతుంది, చెయ్యి ఆగుతుంది, మీ వైపు చూస్తుంది. దానికి బదులు మీకు కనబడేది పైకి అనండి: "అబ్బో, పైకి పెట్టేశావే. ఇది ఊగుతోంది చూడు." అంతే. తను చెప్పాలనుకుంటే చెబుతుంది.

ప్రత్యేకంగా టైం కుదరని రోజున పనిలోనే ఆట ఉంటుంది. బఠానీలు ఒలవడం, ఉతికిన మేజోళ్లకు జోడీ వెతకడం, దోసె మీద అక్షరం పోయడం. స్నానాల గదిలో చెంబు, మగ్గు ఇస్తే సగం ఆట అక్కడే అయిపోతుంది.

నాన్న వచ్చాడంటే ఎగరేయడం, కుస్తీ పట్టడం, అరుపులు. ఇది మంచిదేనా?

నడక వచ్చిన పిల్లలకు మంచిదే. ఎంత గట్టిగా పట్టుకుంటే ఎదుటివాళ్లకు నొప్పి, ఎక్కడ ఆపాలి అన్నది పిల్లలు ఇలాంటి ఆటలోనే తెలుసుకుంటారు. "చాలు" అన్న వెంటనే నాన్న ఆగాలి. పిల్లాడు ఏడుపు కలిసిన నవ్వు నవ్వుతున్నా చక్కిలిగింతలు పెడుతూనే ఉంటే అది ఆట కాదు. నెలల పిల్లల్ని మాత్రం గాల్లోకి ఎగరేయడం, గట్టిగా ఊపడం అస్సలు వద్దు. మెడ నిలవని వయసులో తలకు లోపల దెబ్బ తగలొచ్చు.

ఓడిపోతే ఏడుస్తాడు, గవ్వలు విసిరేస్తాడు. కావాలని గెలిపించొచ్చా?

నాలుగైదేళ్ల దాకా అప్పుడప్పుడూ పర్వాలేదు. ఆ తర్వాత ప్రతిసారీ గెలిపిస్తే వాళ్లకే తెలిసిపోతుంది, బయట పిల్లలతో ఆడినప్పుడు మరీ కష్టమవుతుంది. అదృష్టం మీద నడిచే అష్టాచెమ్మా, వైకుంఠపాళి లాంటివి ఈ వయసుకు బాగుంటాయి. వాటిలో నాన్న కూడా నిజంగానే ఓడిపోతాడు. ఓడినప్పుడు మీరు ఏం చేస్తారో వాళ్లు చూస్తుంటారు. "అబ్బా, పోయింది. ఇంకో ఆట వేద్దామా?" అన్న మాట మీ నోటి నుంచి ముందు వినాలి. ఏడుస్తున్నప్పుడు "మగాడివి, ఏడుస్తావా" అనకండి. ఓడిపోతే బాధే కదా, కాసేపు బాధపడనివ్వండి.

పడతారు, దెబ్బలు తగులుతాయి, మట్టి పూసుకుంటారు.

మోకాలు చెక్కుకుపోతుంది, మానుతుంది. ప్రాణం మీదికి వచ్చేవి వేరే ఉన్నాయి, భయం అంతా వాటి మీద పెట్టండి. మూత లేని సంపు, పిట్టగోడ లేని డాబా మీద గాలిపటం, గ్రిల్ లేని బాల్కనీలో కుర్చీ, పార్కింగ్‌లో రివర్స్ వచ్చే కారు. చైనా మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, సంక్రాంతికి కొనకండి. ఇవి సరిచేసుకున్నాక పిల్లాడు వేపచెట్టు కింది కొమ్మ ఎక్కుతుంటే "పడతావ్, పడతావ్" అని అరవకుండా దగ్గరికి వెళ్లి నిలబడండి.

ఎలాంటి బొమ్మలు కొనాలి?

తక్కువ కొనండి. బ్లాకులు, బంతి, ఒకటి రెండు పాత్రలు, బొమ్మ పిల్ల, రంగులు, పాత చున్నీ. ఒక పని మాత్రమే చేసే బొమ్మ రెండు రోజులకు మూలన పడుతుంది. అట్టపెట్టె ఇల్లవుతుంది, ఆటో అవుతుంది, ఏటీఎం కూడా అవుతుంది.

2021 జనవరి నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, చూసి కొనండి. మూడేళ్ల లోపు వాళ్లకు నోట్లో పట్టే చిన్న ముక్కలున్నవి వద్దు. లైట్లు, పాటలు వచ్చే బొమ్మల్లో ఉండే గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. చిన్న అయస్కాంతాలూ అంతే ప్రమాదం. మింగినట్టు అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

చక్రాల వాకర్ అయితే కొననే వద్దు. అది నడక నేర్పదు, మెట్ల మీద నుంచి పడేస్తుంది. కెనడా 2004లోనే దాని అమ్మకం నిషేధించింది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో చేసే బొమ్మలు నున్నగా, మొనలు లేకుండా ఉంటాయి. బొంగరాలు, లక్కపిడతలు గుజ్జనగూళ్ల ఆటకు ఇప్పటికీ ఎంతో బాగుంటాయి. సహజ రంగులతో చేసినవేనా అని అడిగి తీసుకోండి. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు బొమ్మల కొలువుకు అందం, పసిపిల్లల నోటికి ఇచ్చేవి మాత్రం కావు.

మా పాపకు తొమ్మిదేళ్లు. "పెద్దదవుతోంది, ఇంకా వీధిలో ఆటలేంటి" అంటున్నారు ఇంట్లో.

ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. తొమ్మిదేళ్ల అబ్బాయి బయట క్రికెట్ ఆడుతుంటే అదే వయసు అమ్మాయి కిటికీలోంచి చూడటం మన వీధుల్లో ఇప్పటికీ ఉంది. ఎముకల గట్టితనం, ఊపిరి, ధైర్యం అమ్మాయికీ ఇదే వయసులో రావాలి. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం ఆడుకునే హక్కు ప్రతి బిడ్డకూ ఉందని చెబుతుంది, భారతదేశం 1992లో అందులో చేరింది. అక్కడ ఆడా మగా అన్న తేడా లేదు. భద్రత గురించి భయముంటే నలుగురు అమ్మాయిలను పోగుచేసి, వంతులవారీగా ఒక అమ్మ బయట కుర్చీ వేసుకుని కూర్చునే ఏర్పాటు చేసుకోండి. ఆటను ఆపకండి.

"బోర్ కొడుతోంది" అని రోజూ వెంటపడతారు. ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. పావుగంట ఆగండి.

విదేశంలో ఉన్నాం. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడరు. ఆట సాయపడుతుందా?

పాఠం కన్నా ఎక్కువ సాయపడుతుంది. "తెలుగులో చెప్పు" అంటే నోరు మెదపని పిల్ల, అమ్మమ్మతో వీడియో కాల్‌లో పేకముక్కలో, గవ్వలో ఆడుతున్నప్పుడు "నీ వంతు", "తొండి", "నేనే గెలిచా" అనేస్తుంది. వీరీ వీరీ గుమ్మడిపండు, చెమ్మచెక్క, కాళ్లాగజ్జీ కంకాళమ్మ లాంటివి మాట లేకపోతే నడవవు. వాటితో మొదలుపెట్టండి.

ఇంటిల్లిపాదీ కలిసి ఆడే ఆట ఒకటి చెప్పండి. మేం రూల్స్ మర్చిపోయాం.

అష్టాచెమ్మా. నేల మీద సుద్దముక్కతో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీయండి. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడి గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి. మొదటి నాలుగూ ఇళ్లు, నడిమిది పండే చోటు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. గింజలు, గాజుముక్కలకు బదులు బటన్లు, ఏవైనా సరే, రంగు వేరుగా ఉంటే చాలు. నాలుగు గవ్వలు వేయండి. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింటిలో ఏది పడినా ఇంకో పందెం మీదే.

కాయలు బయటి వరుస చుట్టూ ఒక వైపు తిరిగి, లోపలి వరుసలో రెండో వైపు తిరిగి నడిమి గడికి చేరాలి. ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మీ కాయ వస్తే వాళ్ల కాయ చచ్చి మళ్లీ మొదటికి పోతుంది. ఇంట్లో ఉన్న కాయను చంపకూడదు. ఒక్క కాయనైనా చంపితే గానీ లోపలి వరుసలోకి వెళ్లడానికి లేదు. కాయ కట్టడానికి, అంటే ఆటలోకి దించడానికి, చెమ్మో అష్టానో పడాలా, ఒకటి పడినా చాలా అన్నది, చంపినవాళ్లకు ఇంకో పందెం ఇవ్వాలా వద్దా అన్నది ఇంటింటికీ మారుతుంది. గవ్వలు చేతిలోకి తీసుకునే ముందే ఆ రెండూ పిల్లలతో తేల్చుకోండి.